కారు ఏసీకి ఇంటి దగ్గర గ్యాస్ పట్టించే పద్ధతి: లీకేజీ వెతకడం నుంచి తూకం దాకా

ఎండలు ముదిరే కొద్దీ పాఠకులు అడిగే ప్రశ్నలలో ఇది మొదటిది: కారు ఏసీకి గ్యాస్ మనమే పట్టించుకోవచ్చా, పట్టిస్తే ఎంత పట్టించాలి? పట్టించుకోవచ్చు. అయితే ఒక విషయాన్ని ముందే మనసులో పెట్టుకోవాలి. ఏసీలోని గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు. అది మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది కనుక, తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. కారుతున్న చోటు వెతకకుండా ఏటా గ్యాస్ పట్టించడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఈ మార్గదర్శి ఆర్-134ఎ గ్యాస్‌తో నడిచే మామూలు పెట్రోలు, డీజిలు కార్ల కోసం రాసినది. మన రోడ్ల మీది చిన్న కార్లలో ఎక్కువ భాగం ఈ రకానివే.

1. తగ్గింది గ్యాసేనా అని ముందు తేల్చుకోవాలి

చల్లదనం తగ్గగానే గ్యాస్ అయిపోయిందని అనుకోవడం పరిపాటి. ఒత్తిడి కొలిచే గేజ్ సెట్ బయటికి తీయకముందే ఈ కింది వాటిని వరుసగా చూడాలి.

- గాలి చల్లగానే ఉండి వేగం తక్కువగా ఉంటే డ్యాష్‌బోర్డు వెనకనున్న క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. దీనికి గ్యాస్‌తో సంబంధం లేదు.
- రేడియేటర్ ముందుండే, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల మధ్య మట్టి, పురుగులు, ఆకులు పేరుకున్నాయేమో చూడాలి. తక్కువ ఒత్తిడి గల నీటితో కడగాలి. సర్వీసింగ్ షెడ్డులోని ప్రెజర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.
- ఏసీ వేసిన కొద్దిసేపటికి కండెన్సర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే రోడ్డు మీద వెళ్తున్నప్పుడు చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెచ్చగా వస్తుంది.
- గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ క్లచ్ ఉన్నదైతే ఏసీ బటన్ నొక్కగానే 'టక్' మని పట్టుకోవాలి. పట్టుకోకపోతే గ్యాస్ పూర్తిగా పోయి ఉండవచ్చు, లేదా ఫ్యూజు, రిలే, ప్రెజర్ స్విచ్‌లలో ఒకటి పాడై ఉండవచ్చు.

ఒక తేలికైన పరీక్ష ఉంది. బండి నిలిపి ఉంచి, ఇంజిన్, ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద చెంబుతో మెల్లగా నీళ్లు పోయాలి. రెండు మూడు నిమిషాలలో లోపల గాలి గణనీయంగా చల్లబడితే లోపం ఫ్యాన్‌లోనో, కండెన్సర్ మురికిలోనో ఉన్నట్లు. గ్యాస్ జోలికి వెళ్లనవసరం లేదు.

గ్యాస్ నిజంగా తగ్గినప్పుడు లక్షణాలు వేరుగా ఉంటాయి. కంప్రెసర్ కొన్ని సెకన్లకు ఒకసారి పట్టుకుంటూ వదులుతూ ఉంటుంది. లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కు తిరిగి వచ్చే లావు పైపు చేతికి చల్లగా, చెమర్చినట్లు తగలవలసింది గోరువెచ్చగా ఉంటుంది.

2. ఇంట్లో ముట్టుకోకూడని కార్లు

ఎలక్ట్రిక్ కార్లలో, చాలా హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్ అధిక వోల్టేజీ విద్యుత్తుతో నడుస్తుంది, దానికి వాడే నూనె కూడా వేరు. మామూలు కార్ల ఏసీలకు వాడే పీఏజీ నూనె అందులో కలిస్తే విద్యుత్ నిరోధం దెబ్బతింటుంది. నారింజ రంగు తీగలు కనిపిస్తే బానెట్ మూసేసి షోరూమ్‌కు తీసుకుపోవాలి.

ఆర్-1234వైఎఫ్ అనే కొత్త గ్యాస్ వాడే కార్లదీ ఇదే దారి. ఆ గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది, దానిని ఎక్కించే నాజిళ్లు, పరికరాలు వేరు. అమెరికాలో, ఐరోపాలో ఉంటున్న మన వాళ్ల కొత్త కార్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది కాబట్టి, వాళ్లు బానెట్ కింది స్టిక్కర్ చదవకుండా డబ్బా కొనకూడదు.

కంప్రెసర్ లోపల అరిగి ఇనుప రజను గొట్టాలలోకి చేరిన బండికి కూడా గ్యాస్ పట్టించి ప్రయోజనం లేదు. పైపు విప్పినప్పుడు నూనె నల్లగా, మెరిసే పొడితో వస్తే అది ఆ జబ్బే.

3. స్టిక్కర్ చదవడం

బానెట్ లోపలి వైపునో, రేడియేటర్ పైనున్న అడ్డపట్టీ మీదనో ఏసీ స్టిక్కర్ ఉంటుంది. అందులో గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పట్టాలి, ఏ నూనె వాడాలి అనేవి ఉంటాయి. చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల మధ్య, వెనక వరుసకు కూడా ఏసీ ఉన్న పెద్ద బండ్లకు అంతకు చాలా ఎక్కువ పడుతుంది.

స్టిక్కర్ ఊడిపోయి ఉంటే యజమాని పుస్తకంలో చూడాలి, అక్కడా లేకపోతే ఆ కంపెనీ సర్వీసు కేంద్రానికి ఫోను చేసి మోడలు, తయారీ సంవత్సరం చెప్పి అడగాలి. పక్కింటి బండికి ఎంత పట్టిందన్నది లెక్కలోకి రాదు. 400 గ్రాములు పట్టే ఏసీలో 80 గ్రాములు తేడా వస్తే అది అయిదో వంతు.

4. సామగ్రి

- రెండు గడియారాల గేజ్ సెట్: నీలం (తక్కువ ఒత్తిడి వైపుకు), ఎరుపు (ఎక్కువ ఒత్తిడి వైపుకు), పసుపు (పంపుకు లేదా డబ్బాకు) పైపులతో, నాజిళ్లకు తగిలించే ఆర్-134ఎ కప్లర్లతో
- ఏసీ లోపలి గాలిని లాగేసే వాక్యూమ్ పంపు, దానికి పోసే నూనె
- డబ్బాకు బిగించే ట్యాప్
- ఆర్-134ఎ డబ్బాలు (మన దగ్గర సాధారణంగా 450 గ్రాముల పరిమాణంలో దొరుకుతాయి, డబ్బా మీద రాసిన నికర బరువు చూడాలి)
- ఒక గ్రాము తేడా చూపే, అయిదు కిలోల వంటింటి డిజిటల్ తూకం
- స్టిక్కర్‌లో చెప్పిన రకం పీఏజీ నూనె, సీసా మూత తీయనిది
- ఆర్-134ఎకు పనికివచ్చే ఓ-రింగులు (పైపుల అతుకులలో వేసే రబ్బరు చుట్లు), నాజిల్ పిన్నులు, పిన్ను విప్పే పనిముట్టు
- చిన్న థర్మామీటర్, సబ్బు నీళ్లు, టార్చి
- కళ్లద్దాలు, మందపాటి తొడుగులు

వాక్యూమ్ పంపు ఖరీదైన వస్తువు. ఒక్కసారి పని కోసం కొనేకంటే ఫ్రిజ్‌లు, ఇంటి ఏసీలు బాగుచేసే మెకానిక్ దగ్గర ఒక పూట అద్దెకు తెచ్చుకోవడం తెలివైన పని. అద్దెకు తెచ్చిన పంపు నూనె పాలలా తెల్లగా ఉంటే అందులో నీరు చేరిందన్న మాట. ఆ నూనె మార్చకుండా వాడితే ఎంతసేపు నడిపినా సరైన వాక్యూమ్ రాదు.

గ్యాస్ కొనేటప్పుడు ధర మరీ తక్కువగా ఉందంటే అనుమానించాలి. ఆర్-134ఎ పేరుతో వేరే గ్యాసులు కలిపి అమ్మడం ఉంది. వంటగ్యాస్ పడితే బాగా చల్లబడుతుందని చెప్పే వాళ్లూ ఉన్నారు. చల్లబడుతుంది, అది నిజమే. కానీ కూలింగ్ కాయిల్ లీకయితే ఆ గ్యాస్ నేరుగా మనం కూర్చున్న చోటికే వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

5. ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

1. పని ఆరుబయట, నీడలో చేయాలి. ఈ గ్యాస్ గాలికంటే బరువైనది. మూసిన గ్యారేజీలో, సర్వీసు గోతిలో కిందికి చేరి ఊపిరాడనివ్వదు.
2. మామూలు గాలి పీడనంలో ఆర్-134ఎ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చర్మం మీద పడితే గడ్డకట్టి పుండు పడుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్లద్దాలు పెట్టుకోకుండా కప్లర్ ముట్టుకోకూడదు.
3. దగ్గరలో బీడీ, సిగరెట్, మంట ఉండకూడదు. ఈ గ్యాస్ మంటకు తగిలితే విషపూరితమైన ఆమ్ల వాయువులుగా విడిపోతుంది.
4. డబ్బాను ఎండలో, ఇంజిన్ మీద పెట్టకూడదు.
5. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర వాల్వు ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు.

అయిదోదానికి కారణం చెప్పాలి. 40 డిగ్రీల ఎండలో డబ్బా లోపలి ఒత్తిడి సుమారు 133 పీఎస్‌ఐ (టైరు గాలిని కొలిచే కొలతే) ఉంటుంది. అదే సమయంలో నడుస్తున్న ఏసీలో ఎర్ర పైపు వైపు 250 దాటి ఉండవచ్చు. వాల్వు తెరిస్తే గ్యాస్ డబ్బాలోంచి బండిలోకి కాదు, బండిలోంచి డబ్బాలోకి ఎదురు తన్నుతుంది, పలుచని రేకు డబ్బా చేతిలోనే పేలుతుంది.

6. కారుతున్న చోటు వెతకడం

ఈ మొత్తం పనిలో ఓపిక ఎక్కువ కావలసింది ఇక్కడే. గ్యాస్ కారినప్పుడు వెంట కొంత నూనె కూడా వస్తుంది, ఆ నూనెకు దుమ్ము అంటుకుంటుంది. అందువల్ల చుట్టుపక్కల పొడిగా, బూడిద రంగులో ఉన్న చోట ఒక్క మచ్చ మాత్రం నల్లగా, తడిగా, వేలికి జిడ్డుగా తగిలితే ముందు దానినే అనుమానించాలి. టార్చి పట్టుకుని ఈ వరుసలో చూడాలి.

- నీలం, ఎరుపు పైపులు బిగించే నాజిళ్లు, వాటి పిన్నులు
- కండెన్సర్ కింది అంచు, మూలలు. రాళ్లు తగిలేది, బురద నిలిచేది అక్కడే
- పైపులు కలిసే ప్రతి నట్టు, లోపలి ఓ-రింగు
- రబ్బరు పైపు, అల్యూమినియం గొట్టం కలిపి నొక్కిన చోటు
- కంప్రెసర్ క్లచ్ వెనక, ఇరుసు దగ్గరి సీలు
- కూలింగ్ కాయిల్: కారు కింద నీళ్లు కారే గొట్టం చివర నూనె జిడ్డు ఉంటే లోపలి కాయిల్ కారుతున్నట్లు

నా సొంత బండికి వరుసగా రెండు వేసవులు ఒక షెడ్డులో గ్యాస్ పట్టించాను. రెండుసార్లూ తూకం లేదు, లీకేజీ వెతకలేదు, ఆగస్టు వచ్చేసరికి మళ్లీ వేడి గాలే. మూడో ఏడు నేనే నీలం వైపు నాజిల్ మూత తీసి, నాజిల్ నోట్లో సబ్బు నురుగు వేసి చూశాను. ఒక నిమిషం దాకా ఏమీ లేదు. ఆ తరువాత అగ్గిపుల్ల తలంత బుడగ ఒకటి మెల్లగా ఊరి, పగిలి, మళ్లీ అక్కడే ఊరడం మొదలుపెట్టింది. తప్పంతా వేలెడైనా లేని పిన్నుదే.

ఆ పిన్ను టైరు వాల్వు పిన్నులాగే కనిపిస్తుంది. టైరు దుకాణంలో దొరికే దానిని మాత్రం వేయకూడదు. దాని రబ్బరు ఈ గ్యాస్‌కు, ఈ నూనెకు తగినది కాదు. పిన్ను మార్చడం ఏసీ పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. కొత్త ఓ-రింగును ఏసీ నూనెలో ముంచి వేయాలి, గ్రీజు పూయకూడదు.

గ్యాస్ మొత్తం పోయి, మచ్చ కూడా కనిపించకపోతే, ఏసీ మెకానిక్ చేత పొడి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగుతో చూపించుకోవాలి. గాలి కంప్రెసర్‌తో మాత్రం ఎన్నడూ పరీక్షించకూడదు. గాలిలోని తేమ లోపలికి పోవడం ఒక నష్టమైతే, లోపల మిగిలిన ఆర్-134ఎ ఒత్తిడిలో గాలితో కలిసినప్పుడు అంటుకునే స్వభావం పొందడం అంతకంటే పెద్ద ప్రమాదం.

లీకేజీని లోపలి నుంచే పూడుస్తామనే మందు డబ్బాలు అమెరికా దుకాణాలలో విరివిగా దొరుకుతాయి. ఆ మందు, కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు వంటి సన్న దారులలో గట్టిపడితే బాగుచేయడం కష్టం, అది ఉన్న బండిని తమ యంత్రానికి తగిలించడానికి చాలా వర్క్‌షాపులు ఒప్పుకోవు కూడా.

7. గేజ్ బిగించి, ఆగి ఉన్న ఒత్తిడి చదవడం

గేజ్ సెట్ మీది రెండు వాల్వులూ మూసి ఉన్నాయని చూసుకోవాలి. నీలం కప్లరును లావు పైపు మీది నాజిలుకు, ఎర్రదానిని సన్న పైపు మీది నాజిలుకు తగిలించాలి. వాటి కొలతలు 13, 16 మిల్లీమీటర్లు కాబట్టి ఒకదాని బదులు ఒకటి పట్టదు. పట్టడం లేదని బలవంతం చేస్తున్నారంటే పైపు తప్పు పట్టుకున్నారన్న మాట.

బండి కొన్ని గంటలు నీడలో చల్లారి ఉండాలి. అప్పుడు రెండు ముళ్లూ ఒకే అంకె దగ్గర నిలుస్తాయి. ఆ అంకెను ఆనాటి ఉష్ణోగ్రతతో పోల్చాలి.

- 25 డిగ్రీలకు సుమారు 82 పీఎస్‌ఐ
- 30 డిగ్రీలకు సుమారు 97
- 35 డిగ్రీలకు సుమారు 114
- 40 డిగ్రీలకు సుమారు 133

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒక సిలిండరులో నాలుగో వంతు గ్యాస్ ఉన్నా, నిండుగా ఉన్నా, లోపల ద్రవం ఉన్నంతవరకు ఒత్తిడి ఒకటే. అది ఉష్ణోగ్రతను బట్టి మారుతుందే కాని పరిమాణాన్ని బట్టి మారదు. కనుక 35 డిగ్రీలలో ముల్లు 114 దగ్గర ఉన్నంత మాత్రాన గ్యాస్ సరిపడా ఉన్నట్లు కాదు. 114 కంటే బాగా తక్కువ ఉంటే లోపల ద్రవమే లేదు, దాదాపు ఖాళీ. బాగా ఎక్కువ ఉంటే గాలి చేరింది, లేదా వేరే గ్యాస్ కలిసింది.

ముల్లు సున్నా దగ్గర ఉంటే పని మొదలుపెట్టవచ్చు. గ్యాస్ మిగిలి ఉంటే దానిని గాలిలోకి వదిలేయకుండా, వెనక్కి లాగే యంత్రం ఉన్న వర్క్‌షాపులో తీయించుకుని రావాలి. ఆర్-134ఎ భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువుకు 1,430 రెట్లుగా లెక్కకట్టారు. 400 గ్రాములు వదిలితే సుమారు 570 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్లే. పైగా అమెరికాలో దానిని కావాలని గాలిలోకి వదలడం చట్టరీత్యా నేరం.

మిగిలిన గ్యాస్ మీదనే ఇంకొంత వేయవచ్చు కదా అని అడుగుతారు. లోపల ఎంత ఉందో తెలియనప్పుడు ఎంత వేయాలో ఎవరూ చెప్పలేరు, అందుకే నేను ఆ పద్ధతిని సిఫారసు చేయను.

8. వాక్యూమ్ పెట్టడం

మరమ్మతు పూర్తయ్యాక లోపలి గాలిని, తేమను లాగేయాలి. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది, కొంత ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. వాక్యూమ్‌లో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరిగా బయటికి వస్తుంది. అందుకే వానాకాలపు చల్లని ఉదయం కంటే ఎండ పూట ఈ పని బాగా సాగుతుంది.

1. పసుపు పైపును పంపుకు బిగించాలి.
2. పంపు వేసి, నీలం, ఎరుపు వాల్వులు రెండూ పూర్తిగా తెరవాలి.
3. 45 నిమిషాలు నడపాలి. గొట్టాలు విప్పి ఎక్కువ రోజులు వదిలేసిన బండికి, తేమ పీల్చే డ్రయర్ మార్చి, గంట పైగా నడపాలి.
4. రెండు వాల్వులూ మూసి, ఆ తరువాతే పంపు ఆపాలి. ముందు పంపు ఆపితే పంపు నూనె ఏసీలోకి పీల్చుకుపోతుంది.
5. అరగంట ముల్లును గమనించాలి.

నీలం గడియారంలో సున్నాకు కిందనున్న అంకెలు పాదరసపు అంగుళాలను చూపుతాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రమట్టపు ఊళ్లలో ముల్లు 29 దాటి 30 దగ్గరకు చేరాలి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక అక్కడ 28 దగ్గరే ఆగుతుంది. అది పంపు లోపం కాదు.

అరగంటలో ముల్లు కదలకపోతే ముందుకు వెళ్లవచ్చు. కొంచెం లేచి ఒక చోట ఆగిపోతే లోపల తేమ ఇంకా ఉంది, మళ్లీ పంపు నడపాలి. ఆగకుండా లేస్తూనే ఉంటే లీకేజీ ఉంది, ఆరో దశకు తిరిగి వెళ్లాలి. ముల్లు నిలిచినంత మాత్రాన పూర్తి భరోసా లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి: వాక్యూమ్ పరీక్షలో గొట్టం మీద పడే బలం 15 పీఎస్‌ఐ కూడా ఉండదు, అదీ బయటి నుంచి లోపలికి, నడిచేటప్పుడు లోపలి నుంచి రెండు వందలు దాటి తోస్తుంది.

9. నూనె సంగతి

కొద్దిగా గ్యాస్ కారి, నూనె మరకలు పెద్దగా లేకపోతే నూనె కలపనవసరం లేదు. కండెన్సరో, కంప్రెసరో, డ్రయరో మార్చినప్పుడు ఆ భాగంతో పోయిన మేరకు, సర్వీసు పుస్తకంలో చెప్పిన మిల్లీలీటర్లు మాత్రమే, వాక్యూమ్‌కు ముందే పోయాలి. ఎక్కువ నూనె కాయిల్ లోపల పూతలా పేరుకుని చల్లదనాన్ని తగ్గిస్తుంది. పీఏజీ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నిరుడు మూత తీసిన సీసా ఈ ఏడు పనికిరాదు.

10. తూకంతో గ్యాస్ ఎక్కించడం

ముందు ట్యాప్ సంగతి. పిడిని వెనక్కి పూర్తిగా తిప్పి, లోపలి సూదిని పైకి లాగిన తరువాతే డబ్బాకు బిగించాలి. సూది బయటికి ఉండగానే బిగిస్తే డబ్బాకు సగంలో చిల్లు పడి గ్యాస్ ముఖం మీదికి చిమ్ముతుంది. బిగించాక పిడిని లోపలికి తిప్పితే చిల్లు పడుతుంది, గ్యాస్ మాత్రం రాదు. మళ్లీ వెనక్కి తిప్పితేనే వస్తుంది. ఈ రకపు డబ్బాకు చిల్లు పడ్డాక, ఖాళీ అయ్యేదాకా ట్యాప్ విప్పకూడదు.

1. రెండు వాల్వులూ మూసి ఉండగా పసుపు పైపును పంపు నుంచి తీసి ట్యాపుకు బిగించాలి.
2. డబ్బాకు చిల్లు వేసి, ట్యాప్ తెరిచి, గేజ్ సెట్ దగ్గర పసుపు పైపు నట్టును ఒక్క క్షణం, 'సుయ్' మనేంత మాత్రం సడలించి బిగించాలి. పైపులోని గాలి ఇలా పోతుంది.
3. డబ్బాను తూకం మీద నిలువుగా పెట్టి, తూకాన్ని సున్నా చేయాలి. ఇక్కడి నుంచి పోయిన ప్రతి గ్రామూ మైనస్ గుర్తుతో కనిపిస్తుంది.
4. ఇంజిన్ ఆపి ఉండగా నీలం వాల్వు తెరవాలి. వాక్యూమ్ లాగడం వల్ల గ్యాస్ దానంతట అదే కొంత పోతుంది. తూకం కదలడం ఆగాక వాల్వు మూయాలి.
5. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ వేయాలి. ఏసీ పూర్తి చల్లదనంలో, ఫ్యాన్ చివరి వేగంలో, తలుపులు తెరిచి ఉంచాలి. వేరొకరు లోపల కూర్చుని ఇంజిన్‌ను నిమిషానికి 1,500 చుట్ల దగ్గర నిలపాలి.
6. నీలం వాల్వును కొద్దికొద్దిగా తెరుస్తూ, నీలం ముల్లు 50 దాటకుండా గ్యాస్ పోనివ్వాలి.
7. స్టిక్కర్‌లోని బరువుకు పది గ్రాములు ఉందనగా వాల్వు మూసి, ఆగి చూసి, మిగిలినది పంపాలి.

ఉదాహరణకు స్టిక్కర్‌లో 380 గ్రాములని ఉంటే తూకం మైనస్ 370 చూపినప్పుడు ఒకసారి ఆపాలి. 450 పైన పట్టే బండికి రెండో డబ్బా కావాలి. మార్చేటప్పుడు నీలం వాల్వు మూసి, రెండో అంకెలోని గాలి తీసే పని మళ్లీ చేయాలి.

డబ్బాను తలకిందులు చేస్తే తొందరగా ఖాళీ అవుతుందని చాలామంది అలా చేస్తారు. తలకిందులైన డబ్బాలోంచి పోయేది ద్రవం. నడుస్తున్న కంప్రెసర్ ద్రవాన్ని నొక్కలేదు, లోపలి వాల్వులు విరుగుతాయి. డబ్బా ఎప్పుడూ నిలువుగానే ఉండాలి.

గ్యాస్ పోతున్న కొద్దీ డబ్బా చల్లబడి, పైన మంచు పట్టి, ప్రవాహం మందగిస్తుంది. గోరువెచ్చని నీటి గిన్నెలో డబ్బాను ఉంచితే సరిపోతుంది. నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదు. గిన్నెను, నీటిని కలిపే తూకం మీద పెట్టి మొదటే సున్నా చేసుకుంటే మధ్యలో ఎత్తి దించే పని ఉండదు.

తూకంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటిసారి పసుపు పైపును గేజ్ సెట్ నుంచి నేరుగా డబ్బా మీదికి వేలాడనిచ్చాను. ఇంజిన్ అదురుకు పైపు ఊగినప్పుడల్లా అంకె ముప్పై, నలభై గ్రాములు అటూ ఇటూ మారింది. ఇప్పుడు పైపును పక్కన ఒక స్టూలు మీద దారంతో కట్టి, డబ్బా వైపు ఒక జానెడు మాత్రమే వదులుగా ఉంచుతున్నాను. కోస్తా ఊళ్లలో మరో చిక్కు: చల్లబడిన డబ్బా మీద గాలిలోని తేమ చెమ్మగా పట్టి బరువు కలుపుతుంది. గిన్నె లేకుండా చేస్తున్నప్పుడు గుడ్డతో తుడిచి అంకె చదవాలి.

11. ముళ్లను చదవడం

బరువు పూర్తయ్యాక అయిదు నిమిషాలు నడిపి చూడాలి. 35 డిగ్రీల ఎండలో నీలం ముల్లు సాధారణంగా 30–45, ఎర్రది 200–250 మధ్య ఉంటుంది. 40 దాటిన ఎండలో ఎర్రది 300 దాకా పోవచ్చు. బండి సర్వీసు పుస్తకంలో వేరే అంకెలుంటే వాటినే పాటించాలి.

- రెండూ తక్కువ: గ్యాస్ చాలలేదు. తూకం మళ్లీ సరిచూసుకోవాలి.
- రెండూ ఎక్కువ: గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి ఉంది, లేదా కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదు. ముందు ఫ్యాన్ చూడాలి.
- నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ: కంప్రెసర్ బలం పోయింది. గ్యాస్ కలిపితే బాగుపడదు.
- నీలం సున్నా కిందికి జారడం: దారి మూసుకుపోయింది. కాసేపు చల్లగా వచ్చి ఆగి, ఏసీ ఆపి వేస్తే మళ్లీ చల్లగా వస్తుంటే తేమ గడ్డకడుతోందని గట్టిగా అనుమానించవచ్చు. డ్రయర్ మార్చి, వాక్యూమ్ మళ్లీ పెట్టాలి.

తలుపులు మూసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, మధ్య రంధ్రంలో థర్మామీటర్ గుచ్చితే పది నిమిషాలలో 6 నుంచి 12 డిగ్రీల మధ్యకు దిగాలి. ఒకే ఎండ ఉన్నా, అనంతపురంలో దిగినంత తొందరగా మచిలీపట్నంలో దిగదు. కాయిల్ శక్తిలో కొంత గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది.

12. తరచుగా జరిగే తప్పులు, దిద్దుకునే మార్గాలు

*చల్లదనం చాలక ఇంకొంచెం పంపడం.* ఎక్కువైన గ్యాస్ ద్రవంగా కండెన్సర్‌లో నిలిచి, వేడి వదిలే చోటును ఆక్రమిస్తుంది. అందువల్ల చల్లదనం పెరగకపోగా తగ్గుతుంది. ఎక్కువైనదాన్ని వర్క్‌షాపు యంత్రంతో తీయించి, తూకంతో మళ్లీ మొదలుపెట్టాలి.

*కంప్రెసర్ పట్టుకోవడం లేదని స్విచ్‌కు తీగ కలిపి బలవంతంగా నడపడం.* గ్యాస్ తక్కువగా ఉన్నప్పుడు కంప్రెసర్‌ను కాపాడేది ఆ స్విచ్చే. గ్యాస్‌తో పాటే తిరిగే నూనె అందక కంప్రెసర్ నిమిషాలలో బిగుసుకుపోవచ్చు. ఇంజిన్ ఆపి ఉంచి, డబ్బాను గోరువెచ్చని నీటిలో పెట్టి మరికొంత పోనిస్తే సరిపడా ఒత్తిడి వచ్చి అదే పట్టుకుంటుంది.

*ఒక్క గడియారమున్న చిన్న కిట్ రంగుల గీతలను నమ్మడం.* అమెరికా దుకాణాలలో అమ్మే ఈ కిట్లు నీలం వైపు ఒత్తిడి ఒక్కటే చూపిస్తాయి. ఫ్యాన్ చెడినా, కంప్రెసర్ అరిగినా ఆ ముల్లు మారుతుంది; గీత పచ్చరంగులో ఉన్నంత మాత్రాన బరువు సరిపోయినట్లు కాదు.

13. ముగించే క్రమం

- నీలం వాల్వు, తరువాత డబ్బా ట్యాప్ మూయాలి.
- ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగాలి. ఎర్ర ముల్లు బాగా కిందికి దిగాకే ఎర్ర కప్లరు తీయాలి. నీలంది ఆ తరువాత.
- రెండు నాజిళ్ల మీద సబ్బు నురుగు వేసి రెండు నిమిషాలు చూడాలి.
- మూతలు బిగించాలి. అవి దుమ్ము కోసం మాత్రమే కాదు, పిన్ను కారినా ఆపే రెండో సీలు. పోయి ఉంటే కొత్తవి కొనాలి.
- మిగిలిన డబ్బాను ట్యాపుతోనే, నీడలో, పిల్లలకు అందకుండా, కారు డిక్కీలో కాకుండా ఉంచాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఖాళీ డబ్బా దుకాణంలో తిరిగి ఇస్తే కొన్నప్పుడు కట్టిన 10 డాలర్ల డిపాజిట్ వాపసు వస్తుంది.

తేదీ, ఎక్కించిన గ్రాములు, ఆనాటి ఎండ, రెండు ముళ్ల అంకెలు, మార్చిన ఓ-రింగులు, పిన్నులు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల స్టిక్కర్ పక్కనే అంటించాలి. నెల తరువాత ఇంతే ఎండ ఉన్న రోజున థర్మామీటర్ మళ్లీ గుచ్చి చూడాలి. మూడు నాలుగు డిగ్రీలు పెరిగితే, గేజ్ తగిలించే ముందు టార్చి తీసుకుని, చీటీలో రాసిన ఆ చోట్ల నుంచే జిడ్డు మచ్చ కోసం వెతకడం మొదలుపెట్టాలి.